టెస్ట్ వన్ గారు ఓడ ఎక్కలేదు

లోకంలో తప్పులు చేసేవాళ్ళు ఉండబట్టే ఇన్ని గొడవలు. చేసేవాళ్ళను తీసేసి తప్పులను మాత్రం ఉంచుకుంటే ఎంత ప్రశాంతంగా ఉంటుంది!

నవ్వకండి. మా ఆఫీసులో చేసి చూపించారు.

మాది దీవుల దేశం. రాజధాని సువా రేవుకు ఎదురుగా ఉన్న భవనంలో మూడో అంతస్తు మా ఆఫీసు. కంప్యూటర్ల లోపల నడిచే సరుకు తయారుచేసి దీవులకు అమ్ముతారు. దేశంలో సగం ఓడల టికెట్లు మా గోడల మధ్యనుంచే వెళ్తాయి. నాది వంటగది. టీ, మధ్యాహ్నం రోటీలు, ఎవరి పుట్టినరోజో తెలియని కేకులు నా శాఖ.

కంప్యూటర్ వాళ్ళు కనిపెట్టిన వాటిలో అన్నిటికన్నా గొప్పది ఏదంటే, మీరు ఇంటర్నెట్ అంటారు. నేను ఒప్పుకోను. నిందలేని మీటింగ్!

ఏదైనా చెడిపోతే అందరూ ఒక గదిలో కూర్చుంటారు. "ఎవరు చేశారు" అని అడగకూడదు. "ఎలా జరిగింది" అని మాత్రమే అడగాలి. పేర్లు ఎత్తకూడదు. వేలు చూపించకూడదు. చివర్లో ఒకరినొకరు మెచ్చుకుని బయటికి రావాలి. బ్రిస్బేన్‌లో ఉండే ఫెర్గస్ అనే పెద్దమనిషి ఈ విద్యను మావాళ్ళకు నేర్పాడు. ఆయన ఎప్పుడూ తెర మీదే కనిపిస్తాడు. ఛాతీ కింద మనిషి ఉన్నాడో లేడో మాకు ఇంతవరకు తెలియదు.

మా ఆయన బతికి ఉన్న రోజుల్లో ఈ విద్య వచ్చి ఉంటే నా సంసారం ఎంత సుఖంగా సాగేది! ఆయన బస్సు వెనక్కి పోనిచ్చి పక్కింటి కంచె కూల్చినరోజు నేను వీధి వీధంతా వినేలా అరిచాను. అనాగరికురాలిని! "కంచె, బస్సు ఒకే సమయంలో ఒకేచోట ఉండడానికి ప్రయత్నించాయి" అనుకుని, పక్కింటివాళ్ళతో కలిసి కేకు కోసి ఉండాల్సింది.

ఈ పరిశ్రమలో పాత్రలు ఎక్కువ. పని చేసేవాళ్ళు కొందరు. పని ఎంతవరకు వచ్చిందని అడిగేవాళ్ళు కొందరు. వాళ్ళు సరిగ్గా అడుగుతున్నారా లేదా అని చూసేవాళ్ళు ఇంకొందరు. పొద్దున్నే అందరినీ గుండ్రంగా నిలబెట్టి కబుర్లు చెప్పించడానికి వేరే ఉద్యోగం ఉంది. నిలబడితే కాళ్ళు నొప్పి పుట్టి మీటింగ్ త్వరగా ముగుస్తుందని శాస్త్రం. మావాళ్ళు గోడకు ఆనుకుని కళ్ళు తెరిచే నిద్రపోవడం నేర్చుకున్నారు. బోర్డు మీద డబ్బాలు గీసి బాణాలతో కలిపేవారికి అందరికన్నా ఎక్కువ మర్యాద. డబ్బాలో ఏముందయ్యా అని అడిగితే, "అది తర్వాత" అంటారు.

వీళ్ళందరిలో ఎవరికీ గిట్టని పాత్ర, మిగతావాళ్ళ తప్పులు వెతికిపెట్టే టెస్టరుది. పీటల మీద కూర్చున్న పెళ్ళికూతురి దగ్గరికి వెళ్ళి, "పళ్ళ మధ్య కొత్తిమీర ఇరుక్కుందమ్మా" అని చెప్పడం ఎలాంటిదో, ఆ ఉద్యోగం అలాంటిది. చెప్పింది నిజమే. అయినా చెప్పినవాళ్ళను ఎవరూ రెండోసారి పేరంటానికి పిలవరు.

మా టెస్టర్ సలానియెతా. నసీనులో అద్దె ఇల్లు, తల్లి, చదువుకునే ఇద్దరు పిల్లలు, పక్షవాతం వచ్చిన మేనమామ, అంతా ఆమె ఒక్క జీతం మీదే. ఆ జీతం ఏడాదికోసారి కొత్తగా సంతకం పెట్టే కాంట్రాక్ట్ మీద ఉంది. ఈ గొడవ జరిగిన నెలాఖరునే ఆ సంతకం పడాలి. ఇది గుర్తుపెట్టుకోండి. మా ఆఫీసులో గుర్తుపెట్టుకోలేదు.

ఇంతకీ జరిగింది చెప్పనివ్వండి.

కంప్యూటర్ వాళ్ళకు ఒక అలవాటు ఉంది. తాము చేసింది పనిచేస్తుందో లేదో చూడడానికి ఉత్తుత్తి మనుషులను పుట్టిస్తారు. వాళ్ళకు పేర్లు పెడతారు, టికెట్లు కొనిపిస్తారు, ఓడ ఎక్కిస్తారు. దీనికోసం ఉత్తుత్తి టికెట్ల పేజీ ఒకటి వేరుగా ఉంటుంది. అసలు పేజీ అచ్చు దానిలాగే ఉంటుంది. ఉత్తుత్తి దానికి పైన పచ్చ గీత, అసలు దానికి ఎర్ర గీత. అంతే తేడా.

ఒక శుక్రవారం షాల్విన్ అనే మా కోడర్ కుర్రాడు ఆ రెండూ పక్కపక్కన తెరిచి పెట్టుకున్నాడు. ఒక చేత్తో రోటీ, ఇంకో చేత్తో కీబోర్డు. ఉత్తుత్తి మనుషులందరినీ ఎర్ర గీతలోకి ఎక్కించేశాడు. టెస్ట్ వన్, టెస్ట్ టూ, అరటిపండు అరటిపండు, ఇంకా ఏఎస్‌డీఎఫ్. ఈ చివరిది కీబోర్డు మీద వేళ్ళు ఊరికే పారేస్తే వచ్చే పేరు. ఇలాంటివాళ్ళు వందకు పైగా. కండావు దీవికి పోయే ఓడలో కింది డెక్ అంతా వీళ్ళే! డబ్బు కట్టినట్టు కూడా పడిపోయింది.

సలానియెతా మధ్యాహ్నమే చూసింది. నేను అక్కడే టీ పోస్తున్నాను.

"షాల్విన్, నీ పిల్లలందరూ కండావు ఓడ ఎక్కేశారు, చూశావా?"

"మంచి పిల్లలక్కా. వాంతులు చేసుకోరు, పాటలు పాడరు."

"నవ్వులాట కాదురా. రేపు పొద్దున్నే ఓడ. దింపు వాళ్ళని."

"మీటింగ్ నుంచి వచ్చి దింపుతా. నువ్వు ఫిర్యాదు రాసి పడెయ్."

ఆమె రాసింది. మేనేజర్ అవినేష్ దానిమీద "అంత తొందర లేదు" అని గుర్తు పెట్టాడు. అందరూ మీటింగుకు వెళ్ళారు. మీటింగులు తగ్గించుకోవడం ఎలా అన్నది ఆ రోజు విషయం. అది చీకటిపడేదాకా సాగింది. ఆ తర్వాత ఎవరికి ఏం గుర్తుంటుంది?

మర్నాడు పొద్దున రేవులో వాన. ఎమోసి అనే పెద్దాయన కుటుంబాన్నంతటినీ వెంటేసుకుని వచ్చాడు. చాపల చుట్టలు, దుంపల బస్తాలు, కాళ్ళు కట్టేసిన పంది. కండావులో ఆయన అన్నగారు పోయారు. మర్నాడే పూడ్చడం. వారానికి ఒకటే ఓడ.

జాబితా పట్టుకున్న ఓడ గుమాస్తా తల అడ్డంగా ఊపాడు.

"నిండిపోయింది పెద్దాయనా."

"ఖాళీ బెంచీలు కనిపిస్తున్నాయి కదా బాబూ!"

"కనిపించేవి లెక్కలోకి రావు. కంప్యూటర్ నిండిందంటే నిండినట్టే. లెక్కకు మించి ఎక్కిస్తే నా ఉద్యోగం పోతుంది."

తర్వాత ఆ గుమాస్తా గొడుగు కింద నిలబడి గొంతు చించుకుని పిలిచాడట. "టెస్ట్ వన్! టెస్ట్ వన్ ఎవరండీ?" ఎవరూ పలకలేదు. "అరటిపండు అరటిపండు!" పంది ఒక్కటే పలికింది. "ఏఎస్‌డీఎఫ్" దగ్గర మాత్రం ఆగి, ఇలా నోరు తిరగని పేరున్నాయన ఏ విదేశీ దొరో అయి ఉంటాడని, ఆయనకోసం ఓడను కాసేపు ఆపించాడట!

ఆయన రాలేదు. ఓడ వెళ్ళిపోయింది. లేనివాళ్ళు అందరూ బెంచీల మీద, ఉన్నవాళ్ళు అందరూ వానలో. ఎమోసి అన్నగారిని తమ్ముడు లేకుండానే పూడ్చారు.

సోమవారం నిందలేని మీటింగ్ పెట్టారు. ఎంత హాయిగా జరిగిందో చెప్తాను. నేను కేకుతో లోపలికి వెళ్ళేసరికి అవినేష్ మొదలుపెడుతున్నాడు.

"శుక్రవారం షాల్విన్..."

"పేర్లు వద్దు!" అన్నాడు తెర మీది ఫెర్గస్, ముఖం నిండా చిరునవ్వుతో.

"శుక్రవారం ఒక వ్యక్తి..."

"వ్యక్తి అన్నా నింద తగులుతుంది."

అందరూ ఆలోచించారు. చివరికి "శుక్రవారం ఒక వేలు కీబోర్డును తాకడం జరిగింది" అని రాసుకున్నారు. షాల్విన్ తన వేళ్ళ వంక చూసుకుని, వాటిని బల్ల కిందికి దింపుకున్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం విన్నాను. వేళ్ళు దాచుకోవడం చూడడం అదే మొదలు.

"వేలు తాకాక నేను చెప్పాను," అంది సలానియెతా. "నేను ఫిర్యాదు కూడా..."

"నేను అనేది కూడా ఒక పేరే," అన్నాడు ఫెర్గస్, ఇంకా మెత్తగా.

ఆమె కూర్చుంది. సాయంత్రానికి మూలకారణం దొరికింది. "ఊహలో ఉన్న ప్రయాణికులకు, రేవులో ఉన్న ప్రయాణికులకు మధ్య సమన్వయ లోపం." అందరూ చప్పట్లు కొట్టారు. ఎర్ర గీతను ఇంకొంచెం ఎర్రగా చెయ్యాలని తీర్మానించారు. మా ఆజీ, అంటే నాయనమ్మ, ఒక సామెత చెప్పేది, అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలు మాత్రం మాయం అని. పాపం, ఆవిడకు సమన్వయ లోపం గురించి తెలియదు.

అక్కడితో అయిపోవాల్సింది. కానీ వెనకబడిన మనుషులు ఉంటారే, వాళ్ళు ఊరుకోరు. మర్నాడు ఎమోసి మా ఆఫీసుకే వచ్చాడు. ఇక్కడి మగవాళ్ళు లుంగీలా చుట్టుకునే సులును శుభ్రంగా ఇస్త్రీ చేసి కట్టుకుని, రిసెప్షన్‌లో సోఫా వదిలేసి నేలమీద చాప పరుచుకుని కూర్చున్నాడు.

అవినేష్ పరుగున వచ్చాడు. "పెద్దాయనా, వచ్చే ఓడకు మీ అందరి టికెట్ల డబ్బు మేమే ఇస్తాం."

"డబ్బు కోసం రాలేదు నాయనా. ఆ పని చేసినవాళ్ళెవరో వచ్చి నా ఎదురుగా కూర్చోవాలి. అంతే."

"మాది నిందలేని సంస్థ. మేం ఎవరినీ నిందించం."

"మంచిమాట. నేనూ నిందించడానికి రాలేదు. క్షమించడానికి వచ్చాను. ఎవరిని క్షమించమంటావు?"

అవినేష్‌కు ఇలాంటి ప్రశ్న ఏ ట్రైనింగులోనూ రాలేదు. "అది... మా ప్రాసెస్‌లో లోపం పెద్దాయనా."

"సరే, దాన్నే పిలు. వచ్చి కూర్చుంటుందా? నాతో ఒక చిప్ప యంగోనా తాగుతుందా?"

"మీరు అర్థం చేసుకోవాలి..."

"అర్థమైంది నాయనా. మా అన్నను నేను చూడలేకపోయాను. ఈ కోపం మోసుకుని తిరుగుతున్నాను. ఎక్కడ దించాలో తెలియట్లేదు. ఎవరో ఒకరు వచ్చి ఇక్కడ దించవయ్యా అంటే, దించేసి ఇంటికి పోతాను."

అవినేష్ ఆయన ఫోనుకు ఒక సర్వే పంపించాడు. "మీ ఫిర్యాదు అనుభవం ఎలా ఉంది? ఒకటి నుంచి ఐదు నక్షత్రాలు ఇవ్వండి." పెద్దాయనది బొత్తాల ఫోను. అందులో నక్షత్రాలు రాలేదు.

ఇక్కడివాళ్ళ పాత పద్ధతి ఎంత మోటుదో చూడండి! తప్పు చేసినవాళ్ళు యంగోనా వేర్ల కట్ట ఒకటి తీసుకుని అవతలివాళ్ళ ఇంటికి వెళ్తారు. నేలమీద కూర్చుని, తల వంచి, నేను చేశాను అంటారు. అవతలివాళ్ళు కట్ట ముట్టుకుని, చేతులు తడితే అయిపోయినట్టు. తర్వాత ఆ వేరు దంచి, నీళ్ళలో పిసికి, కలిసి తాగుతారు. మళ్ళీ జన్మలో ఆ మాట ఎత్తరు. ఇంత ముఖ్యమైన పనిలో స్లైడ్లు లేవు, తీర్మానాలు లేవు, రెండో మీటింగ్ లేదు! అందరిముందు ఒక మనిషి తల వంచుకోవాలి. ఎంత అవమానం! ఆ మనిషి మానసిక ఆరోగ్యం ఏం కావాలి?

ఎమోసి ఆ రోజంతా కూర్చున్నాడు. మర్నాడూ వచ్చి కూర్చున్నాడు. వచ్చేపోయేవాళ్ళు ఆయన చాప తొక్కకుండా గోడవారగా నడవడం నేర్చుకున్నారు. నేను టీ ఇస్తే తాగేవాడు. రోటీ ఇస్తే, "పని అవ్వనీ చెల్లెమ్మా" అనేవాడు.

ఆ మరుసటిరోజు సలానియెతా వంటగదిలోకి వచ్చింది. చేతిలో బజారు నుంచి తెచ్చిన కట్ట, న్యూస్‌పేపర్ చుట్టి ఉంది. చూడగానే అర్థమైంది నాకు.

"ఒసేయ్ పిచ్చిదానా, నెలాఖరు దాకా ఆగలేవా? ఆ సంతకం పడనీ."

"అప్పటిదాకా ఆయన్ని నేలమీదే కూర్చోమంటావా ఆంటీ?"

"చేసింది నువ్వు కాదుగా!"

"మేం చేశాం అని చెప్పాలి. దానికి మాలో ఒకరు చాలు."

"ఆ ఒకరు నువ్వే ఎందుకవ్వాలే? ఇంటి దగ్గర నలుగురు ఉన్నారు."

"వాళ్ళకి రేపు నేనేం చెప్పాలి? మా ఆఫీసులో పెద్దాయన కూర్చుంటే గోడవారగా నడిచానని చెప్పనా?" అంది. అని కొంగు లాంటిది ఏమీ లేకపోయినా భుజం మీద సర్దుకుంది.

వెళ్ళి ఎమోసి ముందు నేలమీద కూర్చుంది. కట్ట ముందుకు జరిపింది.

"అయ్యా, ఇది చిన్న కట్ట. మా తప్పు పెద్దది. లేని మనుషుల్ని ఓడలో కూర్చోబెట్టి, ఉన్న మిమ్మల్ని వానలో నిలబెట్టాం. మీ అన్నగారి ముఖం చివరిసారి చూడనివ్వలేదు. ఆ పేర్లు నేను ముందురోజే చూశాను. ఒకసారి చెప్పి ఊరుకున్నాను. గట్టిగా అరవాల్సింది. మమ్మల్ని క్షమించండి."

ఫోన్లు మోగుతున్నాయి, ఎవరూ ఎత్తలేదు. పెద్దాయన కట్ట మీద చెయ్యి వేశాడు. అరచేతులు గుల్లగా చేసి చప్పట్లు తట్టాడు.

"తీసుకున్నాను. అయిపోయింది. లే తల్లీ."

ఆమె లేచింది. ఆయన మాత్రం లేవలేదు. అప్పుడు ఏడ్చాడు, అన్న పోయిన కబురు అప్పుడే అందినట్టు. ఏడ్చి, ముఖం తుడుచుకుని, నావైపు తిరిగి, "ఇప్పుడు పెట్టు చెల్లెమ్మా ఆ రోటీ" అన్నాడు. రెండు తిని, చాప చుట్టుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. అద్దం తలుపు అవతల షాల్విన్ నిలబడి ఉన్నాడు. లోపలికీ రాలేదు, వెనక్కీ పోలేదు.

ఎంత ఘోరం జరిగిపోయిందో గమనించారా? ఒక ఉద్యోగి, పట్టపగలు, ఆఫీసు ఆవరణలో, తప్పు ఒప్పేసుకుంది! ఇన్నేళ్ళుగా చెమటోడ్చి కట్టుకున్న నిందలేని సంస్కృతి ఒక వేర్ల కట్టతో కూలిపోయింది!

వెంటనే మీటింగ్ పెట్టారు. ఫెర్గస్ ముఖంలో చిరునవ్వు లేకపోవడం నేను మొదటిసారి చూశాను. "సంస్థ తరఫున తప్పు ఒప్పుకోవడం టెస్టర్ పాత్రలో లేదు," అన్నాడు.

"మరి ఎవరి పాత్రలో ఉంది?" అని సలానియెతా అడిగింది.

జాబితా తీసి చూశారు. మేనేజర్ పాత్రలో లేదు. డబ్బాలు గీసేవారి పాత్రలో లేదు. నిలబెట్టేవారి పాత్రలో లేదు. ఇన్ని పాత్రలున్న కంపెనీలో ఆ ఒక్క పాత్రా ఎక్కడా లేదు.

నెలాఖరు వచ్చింది. సంతకం పడలేదు.

నేను ఉండబట్టలేక అవినేష్‌ను అడిగాను. "ఎవరు తీసేశారయ్యా ఆ పిల్లని?"

"ఎవరూ తియ్యలేదాంటీ. కాంట్రాక్ట్ ముగియడం జరిగింది."

"మళ్ళీ ఇవ్వకూడదని ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. అలా నిర్ణయం అవ్వడం జరిగింది."

చూశారా, ఎంత పద్ధతి! ఎవరిమీదా కోపం పెట్టుకునే వీలు లేకుండా ఒక మనిషిని వీధిలోకి పంపగలగడం సామాన్యమా? వీడ్కోలు కేకు నా చేతే చేయించారు. కార్డు మీద "నీ తప్పేమీ లేదు" అని రాసి అందరూ సంతకాలు పెట్టారు. ఆ ఆఫీసులో ఇంతమంది కలిసి సంతకం పెట్టడం నేనెప్పుడూ చూడలేదు. సలానియెతా కార్డు తీసుకుని, కేకులో సగం పిల్లలకు చుట్టి ఇమ్మని నన్ను అడిగింది. మొత్తం చుట్టి ఇచ్చాను.

ఆమె వెళ్ళాక ఆఫీసు బాగుపడిందనే చెప్పాలి. టెస్టర్ లేదు కాబట్టి తప్పులు కనిపెట్టేవాళ్ళు లేరు. కనిపెట్టేవాళ్ళు లేరు కాబట్టి తప్పులు సగానికి పడిపోయాయని అవినేష్ గీత గీసి చూపించాడు. ఫెర్గస్ ముఖంలో చిరునవ్వు తిరిగి వచ్చింది. మీరూ మీ ఇళ్ళలో, పంచాయతీల్లో, ప్రభుత్వాల్లో ఈ పద్ధతి పెట్టుకోండి. కొన్నిచోట్ల ఇప్పటికే పెట్టుకున్నారని విన్నాను.

షాల్విన్ ఒక్కడికే ఇంకా నాగరికత వంటబట్టలేదు. నిన్న మధ్యాహ్నం వంటగదిలోకి వచ్చాడు. రోటీ చేతిలో పట్టుకున్నాడు గాని తినడంలేదు.

"ఆంటీ, సలానియెతా అక్క ఇల్లు నసీనులో ఎక్కడ?"

"ఎందుకురా?"

"కట్ట ఒకటి కొన్నాను. బ్యాగులో ఉంది." రోటీ పక్కన పెట్టేశాడు. "ఆ పేర్లు పెట్టింది నేనే ఆంటీ. నేనే..."

చేతిలో గరిటె పడేసి, వెళ్ళి తలుపు మూశాను.

"మెల్లగా చెప్పు నాయనా! ఆ మాట అన్నందుకే కదా ఇక్కడ ఒకరి ఉద్యోగం పోయింది!"